ఉస్మానాబాద్ పత్రం: లెక్కకు వచ్చినవి, రానివి

వైద్య కళాశాలలో స్మారకోపన్యాసం అంటే మామూలుగా ఏ పేరుమోసిన సర్జన్ పేరనో, ఏ ప్రొఫెసర్ పేరనో ఉంటుంది. లైబ్రేరియన్ పేరున ఒకటి ఉండటం అరుదు. ఈ ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ లైబ్రేరియన్‌ను ఎరిగినవాళ్లు ఈ హాల్లో ఇంకా కొందరున్నారు. ఇంటర్నెట్ లేని కాలంలో విదేశీ పత్రికలో ఒక వ్యాసం కావాలంటే ఇండెక్స్ మెడికస్ సంపుటాలు తిరగేసి, రచయిత చిరునామా పట్టుకుని, దయచేసి ఒక కాపీ పంపండని కార్డు రాసేవాళ్లం. ఆ కార్డులు అచ్చు వేయించి, ఖాళీలు పూరించి, స్టాంపులు అంటించి పోస్టు చేయించే పని ఆయనది. ఎప్పటికో ఏ లండన్ నుంచో, టోక్యో నుంచో కవరు వచ్చేది. దాన్ని చేతికిస్తూ ఆయన ఒక్క మాట అడిగేవారు: "పోయినసారి తెప్పించింది చదివారా?" ఆ ప్రశ్నకు భయపడి చదివినవాళ్లు మాలో ఉన్నారు.

ఏ అంశం మీదైనా మాట్లాడమని ధర్మనిధి కమిటీవారు స్వేచ్ఛ ఇచ్చారు. లైబ్రేరియన్ పేరున మాట్లాడేటప్పుడు పరిశోధన పత్రాల గురించి మాట్లాడటమే న్యాయమని తోచింది. క్యాన్సర్ స్క్రీనింగ్‌లో మన దేశం నుంచి వెళ్లి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న డాక్టర్ ఆర్. శంకరనారాయణన్ పత్రాల జాబితాను ముందు పెట్టుకుని, అందులో నాలుగైదు పత్రాలు ఎలా పుట్టాయి, వాటిని ఎవరు ఎందుకు ఉటంకించారు, ఆ ఉటంకింపుల సంఖ్య ఏం చెబుతుంది, దేన్ని దాటవేస్తుంది అన్నది చూద్దాం. ఆయన తిరువనంతపురం ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రంలో పనిచేసి, తర్వాత ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఉన్న అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థకు వెళ్లి, అక్కడ స్క్రీనింగ్ విభాగానికి నాయకత్వం వహించారు. ఆ సంస్థ ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధం. ఉద్యోగం లియోన్‌లోనే అయినా ఆయన పేరు నిలబెట్టిన అధ్యయనాలు చాలావరకు జరిగింది మన పల్లెల్లో.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఉస్మానాబాద్ గురించి. మహారాష్ట్రలోని ఈ జిల్లా 1956 దాకా మన హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. ఇప్పుడు పేరు ధారాశివ్. దాని పక్కనే షోలాపూర్ జిల్లాలో బార్శీ అనే పట్టణం ఉంది. అక్కడి నర్గీస్ దత్ స్మారక క్యాన్సర్ ఆసుపత్రివారు 1987లో దేశంలోనే మొదటి గ్రామీణ క్యాన్సర్ రిజిస్ట్రీ మొదలుపెట్టారు. ఊరూరా తిరిగి ఎవరికి క్యాన్సర్ వచ్చింది, ఎవరు చనిపోయారు అని రాసిపెట్టే పని అది. ఈ రిజిస్ట్రీ నడిపిన అనుభవమే లేకపోతే ఆ తర్వాతి అధ్యయనం ఊహకు కూడా అందేది కాదు. చావులు లెక్కపెట్టే ఏర్పాటు లేని చోట చావులు తగ్గాయని ఎవరూ నిరూపించలేరు కదా.

1999 అక్టోబరులో ఉస్మానాబాద్ అధ్యయనం మొదలైంది. బార్శీ ఆసుపత్రి, ముంబయి టాటా మెమోరియల్, లియోన్ సంస్థ కలిసి చేశాయి. గేట్స్ ఫౌండేషన్ డబ్బిచ్చింది. ఊళ్లను 52 సముదాయాలుగా విడదీసి లాటరీ పద్ధతిలో నాలుగు బృందాలు చేశారు. 30 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న ఆరోగ్యవంతులైన స్త్రీలు మొత్తం 1,31,746 మంది. ఒక బృందానికి హెచ్‌పీవీ పరీక్ష, అంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమైన హ్యూమన్ పాపిలోమా వైరస్ జన్యుపదార్థం ఉందా లేదా అని చూసే పరీక్ష. రెండో బృందానికి పాప్ స్మియర్: కణాలు గీసి, స్లైడు మీద పూసి, రంగు వేసి సూక్ష్మదర్శిని కింద చూడటం. మూడో బృందానికి వీఐఏ. ముఖద్వారం మీద దూదితో పలచటి ఎసిటిక్ యాసిడ్ అద్ది ఒక నిమిషం ఆగితే, తేడా వచ్చిన కణజాలం తెల్లగా పాలిపోయి కంటికే కనిపిస్తుంది. నర్సుకు మంచి లైటు, స్పెక్యులం, దూది, ఆ ద్రావణం ఉంటే చాలు. నాలుగో బృందానికి ఏ పరీక్షా లేదు, అప్పటిదాకా దొరుకుతున్న మామూలు వైద్యమే.

ఈ పరీక్షలు ఒక్కొక్కరికి ఒక్కసారే చేశారు. ఆ తర్వాత సుమారు ఎనిమిదేళ్లు గమనిస్తూ వచ్చారు. 2009 ఏప్రిల్‌లో ఫలితాలు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. హెచ్‌పీవీ పరీక్ష బృందంలో ఈ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు 34 మంది. పరీక్ష లేని బృందంలో 64 మంది. ముదిరిన దశలో బయటపడ్డ కేసులు హెచ్‌పీవీ బృందంలో 39 ఉంటే, పరీక్ష లేని బృందంలో 82. రెండు బృందాల పరిమాణంలో పెద్ద తేడా లేదు: 34,126 మంది ఒకవైపు, 31,488 మంది మరోవైపు. అంటే ఒకే ఒక్క పరీక్షతో చావులు దాదాపు సగానికి పడిపోయాయి. పాప్ స్మియర్ బృందంలో గానీ వీఐఏ బృందంలో గానీ చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు.

పాశ్చాత్య దేశాల్లో పాప్ స్మియర్ ఎన్నో ప్రాణాలు నిలబెట్టిన మాట నిజం. అయితే అక్కడ దాన్ని మూడేళ్లకో అయిదేళ్లకో మళ్లీ మళ్లీ చేస్తారు. ఒకసారి తప్పిపోయింది మరోసారి దొరుకుతుంది. జీవితంలో ఒక్కసారి మాత్రమే పరీక్ష చేయగలిగిన చోట ఏది పనికొస్తుంది అన్న ప్రశ్న ఆ దేశాలకు రాలేదు. మనకు వచ్చింది. జవాబు బార్శీ నుంచి వచ్చింది. అదే సంచికలో సంపాదకీయం రాసిన అమెరికా శాస్త్రవేత్తలు భారత్ నుంచి ప్రపంచానికి ఒక మెరుగైన దారి అన్న అర్థం వచ్చే శీర్షికే పెట్టారు.

ఆ పత్రం ఉటంకింపులు ఇప్పటికి వెయ్యి దాటాయి. ఈ సంఖ్య సంగతి చూద్దాం.

ఉటంకింపులను పట్టిక వేయాలన్న ఆలోచన యూజీన్ గార్‌ఫీల్డ్‌ది. 1955లో సైన్స్ పత్రికలో ఆ ప్రతిపాదన రాశాడు, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వెలువడింది. ఆయనకు స్ఫూర్తి అమెరికా వకీళ్ల దగ్గర పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉన్న ఒక పట్టిక, షెపర్డ్స్ సైటేషన్స్. ఒక తీర్పును ఆ తర్వాత ఏ ఏ తీర్పులు ప్రస్తావించాయో అందులో ఉంటుంది. అంతేకాదు, ఆ తీర్పును అనుసరించారా, తేడా చూపి పక్కన పెట్టారా, పూర్తిగా కొట్టేశారా అన్నది కూడా గుర్తులతో ఉంటుంది. కొట్టేసిన తీర్పును పట్టుకుని కోర్టుకెళ్తే వకీలు పరువు పోతుంది గనుక ఆ గుర్తులే దానికి ప్రాణం. శాస్త్ర రంగంలోకి వచ్చేసరికి పట్టిక మిగిలింది, గుర్తులు రాలిపోయాయి. ఎవరు ప్రస్తావించారన్నది ఉంది, ఎందుకు ప్రస్తావించారన్నది లేదు. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త మిగిలినదాన్ని కూడా ఒక్క అంకెకు కుదించాడు. మీకు కనీసం 40 సార్లు చొప్పున ఉటంకించిన పత్రాలు 40 ఉంటే మీ హెచ్-ఇండెక్స్ 40. ఇంటర్వ్యూ బోర్డులకు ఇంతకంటే సుఖమైన సంగతి మరొకటి లేదు. పత్రం తెరవక్కర్లేదు.

ఉస్మానాబాద్ పత్రాన్ని ఉటంకించిన పత్రాలు కొన్ని తీసి చదివితే అవన్నీ ఒక జాతివి కావని తెలుస్తుంది. కొన్ని నిజంగా దాని భుజాల మీద నిలబడ్డవి: హెచ్‌పీవీ పరీక్షను ఇంకా చౌకగా ఎలా చేయాలి, స్త్రీలే స్వయంగా నమూనా తీసుకుంటే పనికొస్తుందా అని ముందుకు వెళ్లినవి. ఇంకా కొన్ని మార్గదర్శకాలు. మరికొన్ని ఉపోద్ఘాతం కోసం వాడుకున్నవి. క్యాన్సర్ పత్రం ఏదైనా తీయండి, మొదటి వాక్యం ప్రపంచంలో ఏటా ఇన్ని కేసులు, ఇన్ని చావులు అని ఉంటుంది, పక్కన చిన్న అంకె. ఏ పని మొదలుపెట్టినా ముందు విఘ్నేశ్వరుడికి దణ్ణం పెట్టినట్టు అందరూ అక్కడ ఒకటే పత్రాన్ని తలుచుకుంటారు: గ్లోబోకాన్ గణాంకాలు. అవీ లియోన్ సంస్థ తయారుచేసేవే. వాటిని అచ్చువేసే అమెరికన్ క్యాన్సర్ సొసైటీ పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2020లో 500 దాటింది. అదే కాలంలో న్యూ ఇంగ్లండ్ జర్నల్, లాన్సెట్ లాంటి మహా పత్రికలు కూడా ఆ దరిదాపుల్లో లేవు. క్యాన్సర్‌ను ఆపిన పత్రాల కంటే క్యాన్సర్‌ను లెక్కపెట్టిన పత్రాలకే ఉటంకింపులు ఎక్కువ. గణాంకాలను నేను తక్కువ చేయటం లేదు, బార్శీ రిజిస్ట్రీ గురించి ఇందాక చెప్పిందే చాలు. కానీ ఉటంకింపు అంటే ప్రభావం అనుకునేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ దగ్గర ఆగి ఆలోచించాలి.

ఇక తప్పుపట్టిన ఉటంకింపులు. అమెరికా పాథాలజిస్టు ఎరిక్ సూబా ఏళ్ల తరబడి ఈ అధ్యయనాలను నిలదీశాడు. పాప్ స్మియర్ మేలు చేస్తుందని అర్ధ శతాబ్దంగా తెలిసినప్పుడు, పరీక్ష లేని బృందం పెట్టి వాళ్ల చావులు లెక్కపెట్టడం ఏం నీతి అని ఆయన ప్రశ్న. ఉస్మానాబాద్‌లోనూ, తర్వాత చెప్పబోయే ముంబయి, దిండిగల్ అధ్యయనాల్లోనూ పరీక్ష అందని బృందాల్లో కనీసం 254 మంది స్త్రీలు చనిపోయారని 2014లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ ఎథిక్స్‌లో రాశాడు. అధ్యయనం చేసినవాళ్ల జవాబు: అప్పట్లో మన పల్లెల్లో మామూలు వైద్యం అంటే ఏ పరీక్షా లేకపోవడమే, దానితో పోల్చకపోతే ప్రభుత్వాలు ఒప్పుకోవు. ఈ వివాదంలో నా అభిప్రాయం చెబుతాను. ఒక్కసారి పరీక్షతో ఏ పద్ధతి పనిచేస్తుందన్న ప్రశ్న న్యాయమైనదే, దానికి అంతకుముందు జవాబు లేదు. కాకపోతే ఆ 64 మంది చావుల వల్ల దొరికిన జవాబు మీద దేశానికి ఒక బాకీ పడింది. 2009 తర్వాత ఆ బాకీ తీర్చే తొందర ఎవరిలోనూ కనిపించలేదు. సూబా వ్యాసాన్ని నేను అక్కడ ఎక్కువగా సమర్థిస్తాను. ఇకపోతే లెక్కల పట్టికలో ఆ విమర్శ ఏమైందంటారా? శంకరనారాయణన్ ఖాతాలో మరో ఉటంకింపుగా జమ అయింది. వకీళ్ల పట్టికలో అయితే పక్కన ఓ గుర్తు ఉండేది.

ఉస్మానాబాద్ పత్రం మీద పేర్లు 18. మొదటి పేరు శంకరనారాయణన్‌ది, రెండోది బార్శీ ఆసుపత్రి వైద్యుడు బి.ఎం. నేనేది, చివరిది టాటా మెమోరియల్ డైరెక్టర్‌గా పనిచేసిన కేతాయున్ దిన్‌షాది. 2015లో అప్పటి మెడికల్ కౌన్సిల్ అధ్యాపకుల పదోన్నతికి ఒక నిబంధన తెచ్చింది: పత్రంలో మొదటి ఇద్దరు రచయితల్లో ఉంటేనే అది లెక్కకు వచ్చేది. ఆ లెక్కన ఈ పత్రం మిగతా 16 మందికి సున్నా. కణాలు చూసిన పాథాలజిస్టుకు, లక్షకు పైగా స్త్రీల వివరాలు సరిచూసిన గణాంక శాస్త్రవేత్తకు పనికిరానట్టే. ఓ చిన్న పత్రికలో ఇద్దరు కలిసి రాసిన పత్రం మాత్రం ఆ ఇద్దరికీ లెక్కకు వచ్చేది. నిబంధన పెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు, పేర్లు ఇరికించే అలవాటును అరికట్టాలన్నది. ఫలితం మాత్రం మన కళాశాలల్లో కనిపిస్తూనే ఉంది. పెద్ద అధ్యయనంలో పదో వాడిగా పదేళ్లు పనిచేయడానికి ఏ అసిస్టెంట్ ప్రొఫెసర్ వస్తాడు? ఇక ఊళ్లలో ఇంటింటికీ తిరిగి, అత్తగార్లకు నచ్చజెప్పి, కోడళ్లను పరీక్షకు పంపించిన ఆరోగ్య కార్యకర్తల పేర్లు ఏ లెక్కలోనూ లేవు. అక్కడ ఒక్క స్త్రీని ఒప్పించడానికి ఎన్నిసార్లు గడప తొక్కాలో గ్రామీణ పోస్టింగులు చేసిన మీకు చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు శంకరనారాయణన్‌దే మరో పత్రం. 2007లో లాన్సెట్‌లో వచ్చింది, తమిళనాడు దిండిగల్ జిల్లాది. అక్కడ పరీక్షించింది వీఐఏను. 57 సముదాయాలకు పరీక్ష, 57కు లేదు. నర్సులే దూదితో అద్ది చూశారు. తేడా ఉంటే అదే రోజు, అదే చోట కాల్పోస్కోపు పెట్టి చూసి, ముక్క తీసి, తగినవాళ్లకు క్రయోథెరపీతో ఆ భాగాన్ని గడ్డకట్టించి చికిత్స కూడా చేసేశారు. ఈ క్యాన్సర్ చావులు 35 శాతం తగ్గాయి. అంటే ఒకే రచయిత, ఒకే పద్ధతి, రెండు జిల్లాలు, రెండు రకాల జవాబులు. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్‌వారు చేసిన మరో అధ్యయనం 2014లో వచ్చింది. పదేపదే వీఐఏ చేస్తే చావులు 31 శాతం తగ్గాయని అది చెప్పింది.

వీఐఏ కావాలనుకున్నవాడు దిండిగల్‌ను ఉటంకిస్తాడు. వద్దనుకున్నవాడు ఉస్మానాబాద్‌ను ఉటంకిస్తాడు. శంకరనారాయణన్‌కు రెండు విధాలా లాభమే. రెండూ పక్కపక్కన పెట్టి, దిండిగల్‌లో తేడా ఎక్కడొచ్చింది, అదే గదిలో చికిత్స అందడం వల్లనా, నర్సుల శిక్షణ వల్లనా, వయసు వల్లనా అని అడిగినవాళ్లు తక్కువ. ఆ ప్రశ్న మనకు ఎంతో అవసరం. ఎందుకంటే 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు అయిదేళ్లకోసారి స్క్రీనింగ్ చేయాలని మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు గర్భాశయ ముఖద్వారానికి ఎంచుకున్నది వీఐఏనే. ఖర్చు తక్కువ, ల్యాబు అక్కర్లేదు. ఆ వాదన నాకు అర్థమవుతుంది. కానీ హైదరాబాద్ పక్కన మేడ్చల్‌లో 2,331 మంది స్త్రీల మీద మూడు పరీక్షలూ కలిపి చేసిన అధ్యయనం 2010లోనే వచ్చింది. క్యాన్సర్‌కు ముందు దశలను పట్టుకోవడంలో వీఐఏ హెచ్‌పీవీ పరీక్షకు చాలా వెనకబడింది. మన ఊరి పక్కన జరిగిన పని అది. ఉటంకింపుల్లో ఉస్మానాబాద్ పక్కన అది చిన్నదే. ఇక్కడి పీజీ విద్యార్థులు మాత్రం దాన్ని ముందు చదవాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో హెచ్‌పీవీ పరీక్షనే మొదటి పరీక్షగా, 30 ఏళ్ల నుంచి, అయిదు పదేళ్లకోసారి చేయమని సిఫారసు చేసింది. ఉస్మానాబాద్ పాఠం జెనీవా చేరింది. మరి ఉస్మానాబాద్ లాంటి జిల్లాలకు తిరిగి వచ్చిందా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30 నుంచి 49 ఏళ్ల భారతీయ స్త్రీలలో గర్భాశయ ముఖద్వార పరీక్ష జీవితంలో ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు 1.9 శాతం. నూటికి ఇద్దరు కూడా లేరు. గ్లోబోకాన్ అంచనాల ప్రకారం 2022లో మన దేశంలో ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చినవాళ్లు 1.27 లక్షల మంది, చనిపోయినవాళ్లు దాదాపు 80 వేలు. వెయ్యి ఉటంకింపులు, 1.9 శాతం. ఈ రెండు అంకెలనూ ఒకే కాగితం మీద రాసి చూసుకోండి.

పత్రాల్లో చదివింది చేతల్లోకి రాకపోవడం మనకొక్కళ్లకే వచ్చిన జబ్బు కాదు. నార్డిక్ దేశాల గణాంకాలు 1987లో లాన్సెట్‌లో వచ్చాయి. 1965 నుంచి 1982 మధ్య ఐస్‌లాండ్‌లో ఈ క్యాన్సర్ చావులు 80 శాతం తగ్గితే, నార్వేలో తగ్గింది 10 శాతమే. రెండు చోట్లా అదే పాప్ స్మియర్, అవే పుస్తకాలు, దాదాపు అంతే చదువుకున్న వైద్యులు. ఐస్‌లాండ్ దేశమంతటికీ ఒక కార్యక్రమం పెట్టి, ప్రతి స్త్రీకీ కబురు పంపి పిలిపించింది. నార్వేలో అప్పటికి అలాంటి ఏర్పాటు జనాభాలో కొద్దిమందికే ఉంది. చదివిన పత్రాల్లో తేడా లేదు, పంపిన కబుర్లలో ఉంది.

నోటి క్యాన్సర్ మీద శంకరనారాయణన్ చేసిన తిరువనంతపురం అధ్యయనాన్ని కూడా ప్రస్తావించాలి, కాలం తక్కువ కనుక క్లుప్తంగా. 13 పంచాయతీ సముదాయాలు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటికే వెళ్లి లైటు వేసి నోరు చూడటం. 2005లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితాల్లో అందరినీ కలిపి చూస్తే చావుల తగ్గుదల గణాంకపరంగా గట్టిగా నిలబడలేదు. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో మాత్రం 34 శాతం తగ్గింది. రెండింటినీ దాచకుండా అదే పత్రంలో రాశారు. గుట్కా, ఖైనీ, చుట్ట మన రెండు రాష్ట్రాలకూ కొత్త కాదు. శ్రీకాకుళం తీరంలో నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట తాగే స్త్రీల అంగిలి మీద వచ్చే మార్పుల గురించి ఒక తరం పాథాలజిస్టులు విస్తారంగా రాశారు. ఆ నోళ్లు తెరిపించి చూసే పని ఇంకా మిగిలే ఉంది.

చివరగా, శంకరనారాయణన్ జాబితాలో నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా కనిపించే సంగతి మన ప్రాంతంతో ముడిపడి ఉంది.

2009 జులైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు మొదలైంది. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేశాయి. సుమారు 14 వేల మంది పిల్లలు, వాళ్లలో చాలామంది ఆదివాసీ హాస్టళ్లలో ఉన్నవాళ్లు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో గొడవ మొదలైంది. ఆ చావులకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు అంగీకార పత్రాల మీద సంతకాలు పెట్టిన సంగతి బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ ప్రాజెక్టును తీవ్రంగా తప్పుపట్టింది. కొండరెడ్డి, కోయ పిల్ల చేతికి సూది గుచ్చేముందు ఆమె తల్లికి ఆమె భాషలో చెప్పే ఓపిక లేకపోవడం చిన్న తప్పు కాదు.

అదే సమయంలో శంకరనారాయణన్ బృందం మన దేశంలోనే మరో అధ్యయనం చేస్తోంది. టీకా మూడు డోసులు అవసరమా, రెండు చాలా అన్నది వాళ్ల ప్రశ్న. 20 వేల మంది పిల్లలను చేర్చుకోవాలన్నది లక్ష్యం. ఖమ్మం గొడవతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం దేశంలో అన్ని హెచ్‌పీవీ టీకా అధ్యయనాలనూ ఆపేసింది. అప్పటికి చేరింది 17,729 మంది. మూడు డోసులు పూర్తయినవాళ్లు 4,348, అనుకున్న ప్రకారం రెండు డోసులు పడ్డవాళ్లు 4,979. ఆదేశం రావడంతో మధ్యలో రెండు డోసుల దగ్గర ఆగిపోయినవాళ్లు 3,452, ఒక్క డోసుతో మిగిలిపోయినవాళ్లు 4,950. అధ్యయనం చెడిపోయినట్టే. ఇంకొకరైతే ఆ ఫైలు కట్టిపెట్టేవారు. వీళ్లు కట్టిపెట్టలేదు. ఆ నాలుగు రకాల పిల్లలనూ విడిచిపెట్టకుండా ఏటా వెంటపడి చూశారు. పదేళ్ల తర్వాత, 2021లో లాన్సెట్ ఆంకాలజీలో పార్థ బసు మొదటి రచయితగా వచ్చిన పత్రం ప్రకారం, వైరస్ నిలకడగా పాతుకుపోకుండా ఆపడంలో ఒక్క డోసు 95.4 శాతం, రెండు డోసులు 93.1, మూడు డోసులు 93.3 శాతం పనిచేశాయి. ఎవరూ కావాలని అడగని ప్రశ్నకు జవాబు వచ్చింది. 2022 ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం ఒక్క డోసు చాలని అంగీకరించడానికి ఆధారమైన వాటిలో ఇదొకటి. ఈ రోజు ఎన్నో పేద దేశాలు ఒక్క సూదితో సరిపెట్టుకోగలుగుతున్నాయి.

ఆ పత్రాల్లో ఖమ్మం కథంతా తమ అధ్యయనానికి సంబంధం లేని కారణాలు అన్న మాటలో ఇమిడిపోయింది. శాస్త్రీయంగా అది సరైన మాటే. ఉటంకింపుల పట్టికలో భద్రాచలానికి చోటు ఉండదు, ఉండాలని కూడా నేను కోరను.

అయితే ఒక లెక్క మనం వేసుకోవచ్చు. 2009లో 10 నుంచి 14 ఏళ్లున్న ఆ పిల్లలు ఇప్పుడు 30 ఏళ్ల వయసుకు చేరుతున్నారు. అంటే స్క్రీనింగ్ మొదలుపెట్టాల్సిన వయసు. టీకా వేసుకున్నవాళ్లకు కూడా స్క్రీనింగ్ అవసరమే. అప్పట్లో ఆ ప్రాంతంలో ప్రభుత్వ వైద్య కళాశాల లేదు. ఇప్పుడు కొత్తగూడెంలో ఒకటి, ఖమ్మంలో ఒకటి ఉన్నాయి. ఆ మూడు మండలాల్లో అప్పటి జాబితాలు పట్టుకుని, ఈసారి స్వయంగా వాళ్లనే అడిగి, వాళ్ల భాషలో చెప్పి, ఒప్పుకున్నవాళ్లకు హెచ్‌పీవీ పరీక్ష చేసే పని ఒక పీజీ థీసిస్‌కు సరిపోతుంది. నమూనా వాళ్లే తీసుకునే వీలుంది కనుక ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలతోనే చాలావరకు నడుస్తుంది. కంట్రోల్ బృందం లేదు, లాటరీ లేదు, పెద్ద పత్రికలు వేసుకోవు. ఆ విద్యార్థి హెచ్-ఇండెక్స్ దీనివల్ల ఒక్క అంకె కూడా కదలకపోవచ్చు.

ఉపన్యాసకుడికి ఇచ్చే పారితోషికాన్ని ఈ పని చేయడానికి ముందుకు వచ్చే మొదటి విద్యార్థికి ప్రయాణ ఖర్చుగా ఇవ్వమని ధర్మనిధి కమిటీని కోరుతున్నాను. పేరు ఇవ్వదలచినవాళ్లు సభ అయ్యాక లైబ్రరీ కౌంటరు దగ్గర ఇవ్వండి. పాత పత్రాల కాపీలు అక్కడ తీయించి పెట్టాను. ముందు అవి చదవండి.